ములాగో కొండమీద పుట్టిన ప్రశ్నలు

వైద్యశాస్త్ర చరిత్రను చదువువారికి పారిస్, బెర్లిన్, లండన్ మొదలగు మహానగరముల పేర్లు మాటిమాటికి ఎదురగుచుండును. ఆఫ్రికాఖండపు ప్రసక్తి వచ్చినప్పుడెల్ల అది రోగములకు నిలయముగను, ఇతరులు కనిపెట్టిన ఔషధములను చేయిచాచి స్వీకరించు దీనభూమిగను మాత్రమే వర్ణింపబడుట పరిపాటి. కాని మానవునికి వచ్చు కాన్సరుతో ఒక వైరస్‌నకు సంబంధము కలదని మొట్టమొదట వెల్లడించిన పరిశోధనకు బీజము పడినది తూర్పు ఆఫ్రికాలో, విక్టోరియా మహాసరస్సునకు ఉత్తరమున, భూమధ్యరేఖ పొరుగున వెలసిన కంపాలా నగరములో, ములాగో అను కొండమీది ఆసుపత్రియందు. తిండిలోని లోపమువలన శిశువులకు కలుగు వ్యాధి స్వరూపము, కత్తి ముట్టకుండ ఔషధముచేతనే కాన్సరును కుదర్చవచ్చునను ఆశ, తల్లినుండి బిడ్డకు ఎయిడ్స్ సోకకుండ కాపాడు సులభమార్గము, జ్వరతీవ్రతచే సొమ్మసిల్లిన బిడ్డకు సెలైను ఎక్కించుటలోని మంచిచెడ్డలు - ఇన్ని విషయములలో ఆ కొండ లోకమునకు పాఠము చెప్పినది. ఆ పాఠములు ఎట్లు పుట్టినవో, వాని ఫలము ఎవరికి ఎంతవరకు దక్కినదో విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఉగాండాలో ఆధునిక వైద్యమునకు పునాది వేసినవాడు ఆల్బర్ట్ కుక్ అను ఆంగ్ల మిషనరీ వైద్యుడు. ఆయన 1897లో కంపాలాలో మెంగో ఆసుపత్రిని నెలకొల్పి, తన కడకు వచ్చిన రోగుల వృత్తాంతములను శ్రద్ధతో వ్రాసి భద్రపరచెను. 1913లో ములాగో కొండమీద వెలసిన చికిత్సాలయము మొదట సుఖవ్యాధుల వైద్యమునకే ఏర్పడినదైనను, క్రమముగా సర్వరోగములకు తలుపు తెరచి, 1924లో ఆరంభమైన మకెరెరే కళాశాల వైద్యవిద్యకు బోధనాలయమై, దేశము స్వతంత్రమైన 1962వ సంవత్సరముననే నూతన భవనములను సంతరించుకొని, దేశమంతటికిని కడపటి ఆశ్రయముగా నిలిచినది. జిల్లా ఆసుపత్రులు చేతులెత్తివేసిన రోగులే అచ్చటికి వత్తురు గనుక ప్రతి వార్డును క్రిక్కిరిసి యుండును. వచ్చినవారిలో పలువురు రోగము ముదిరిన పిమ్మట వచ్చినవారే అయి యుందురు. అట్టిచోట పనిచేయు వైద్యునకు తీరికయన్నది అపురూపము. అయినను, ఒక్కొక్క ఊరిలో ఒక్కరికి మాత్రమే కనిపించు వింతవ్యాధి అచ్చట పదిమందిలో ఒక్కసారిగా గోచరించునుగదా! ఆ అవకాశమును గుర్తించిన కన్నులవలననే ములాగో పరిశోధనాలయమైనది.

అట్టి మొదటి గుర్తింపు శిశుపోషణకు సంబంధించినది. పాలు మాన్పించిన బిడ్డలకు కాళ్లు చేతులు నీరుపట్టి వాచుట, వెండ్రుకలు ఎఱ్ఱబారి పలుచనగుట, చర్మము పొరలుపొరలుగా లేచుట, ముఖమున నవ్వన్నది లేక బిడ్డ మూలుగుచు నుండుట అను లక్షణములుగల వ్యాధిని పశ్చిమాఫ్రికాలోని గోల్డుకోస్టులో, అనగా నేటి ఘానాలో, సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933లో వర్ణించి, దానికి ఆ దేశీయులు వాడు క్వాషియోర్కర్ అను పేరును వైద్యగ్రంథములకెక్కించెను. అది వేరొక విటమిను లోపమేయని వాదించిన పెద్దలు లేకపోలేదు. ములాగోలో హ్యూ ట్రోవెల్ అను వైద్యుడు ఏండ్లతరబడి ఆ శిశువులను పరిశీలించి, పట్టుదలతో వాదించి, జాక్ డేవిస్, రెక్స్ డీన్ అను సహచరులతో కలిసి 1954లో ఆ వ్యాధిని గూర్చి ఒక ప్రామాణిక గ్రంథము వెలువరించెను. ఆ ప్రాంతపు ప్రధానాహారమగు పచ్చియరటికాయ కడుపును నింపునేగాని పెరుగు బిడ్డకు వలసిన మాంసకృత్తులను సమకూర్పజాలదు. పాలపొడి, నూనె, చక్కెర కలిపి పెట్టగా బిడ్డలు కోలుకొనిరి; కాని ఇంటికిపోయి మరల అదే ఆహారమునకు మరలినచో మరల వ్యాధి తప్పదు గనుక, తల్లులకే చిక్కుళ్లు, వేరుసెనగలు మొదలగు స్థానికాహారములతో బిడ్డను పోషించు విధమును నేర్పుటకై 1960 దశకమున ములాగోలో మ్వనముగిము అను పోషణకేంద్రము వెలసినది. రోగకారణము కొన్నివేళల శరీరమునకు వెలుపల, పొలములోను వంటయింటిలోను ఉండునని ఆసుపత్రి గ్రహించిన సందర్భమిది.

ఆ ట్రోవెల్ మహాశయుడే 1957లో ఒకనాడు, అయిదేండ్ల బాలుని చూడుమని తన మిత్రుడగు శస్త్రవైద్యుని పిలిచెను. ఆ శస్త్రవైద్యుని పేరు డెనిస్ బర్కిట్. ఐర్లండునందలి ఎన్నిస్కిల్లెన్‌లో 1911లో జన్మించి, పదునొకండవ యేట ఒక ప్రమాదమున కుడికన్నును పోగొట్టుకొని, మిగిలిన యొక్క కంటితోనే శస్త్రవిద్యయందు నిష్ణాతుడై, యుద్ధకాలమున సైనికవైద్యుడుగా ఆఫ్రికాకు వచ్చి, పిదప ఉగాండాలోనే స్థిరపడిన దైవభక్తుడతడు. ఆ బాలుని పైదవడకు ఇరువైపులను, క్రిందిదవడకు ఇరువైపులను, నాలుగు తావులయందును వాపులుండెను. పళ్లు కదలి ఊడుటకు సిద్ధముగా నుండెను. చీముపట్టుటవలన కలిగిన వాపైనచో నాలుగు దిక్కుల ఒక్కసారి రాదు; కణితియైనచో ఒక్కచోట పుట్టి పెరుగవలెను. రెండింటికిని చెందని ఈ వింతను చూచి బర్కిట్ ఛాయాచిత్రములు తీయించుకొనెను గాని కారణమూహింపజాలకపోయెను.

కొలదివారముల తరువాత ఆయన నైలునది సరస్సును వీడి బయలుదేరు తావున నున్న జింజా పట్టణపు ఆసుపత్రికి పోయినప్పుడు, కిటికీగుండ వెలుపలికి చూడగా, పచ్చికమీద తల్లి ప్రక్కన కూర్చున్న మరియొక బిడ్డ ముఖమున అవే వాపులు కనబడెను. ఒకటి కాకతాళీయము కావచ్చును, రెండైనచో విచారింపవలెను. ఆయన వెంటనే బయటికిపోయి ఆ బిడ్డను ఆపాదమస్తకము పరీక్షింపగా కడుపులోకూడ గడ్డలు చేతికి తగిలెను. కంపాలాకు తిరిగివచ్చి పాతరోగుల పత్రములను తిరుగవేసిన బర్కిట్‌నకు, దవడకణితులుగల బిడ్డలలో పలువురకు మూత్రపిండములలోను, కాలేయములోను, ఆడుబిడ్డలైనచో అండాశయములలోను గూడ కణితులుండెనని తేటపడెను. అంతవరకు ఒక్కొక్క అవయవమునుబట్టి వేర్వేరు పేర్లతో వ్రాయబడుచుండిన కాన్సర్లన్నియు ఒక్కటే వ్యాధియని గ్రహించి, 1958లో ఆయన ఒక శస్త్రవైద్య పత్రికలో వ్యాసము ప్రకటించెను. అది శోషరసకణములనుండి పుట్టు లింఫోమా యని ములాగోలోని వ్యాధినిదానశాఖవారు, ముఖ్యముగా అమెరికానుండి వచ్చిన గ్రెగరీ ఓకానర్, సూక్ష్మదర్శినితో నిర్ధారించిరి. నేడు దానిని బర్కిట్ లింఫోమా యందురు.

ఈ సందర్భమున స్మరింపదగినది కంపాలా కాన్సరు నమోదు పట్టిక. 1950 దశకపు ఆరంభమునందే జాక్ డేవిస్ ప్రభృతులు నగరమున కనబడిన ప్రతి కాన్సరును వరుసగా వ్రాయించుచుండుటచేత, పిల్లల కాన్సర్లలో లింఫోమాలే అచ్చట అత్యధికమని తేలినది. ఆల్బర్ట్ కుక్ అర్ధశతాబ్దికి పూర్వము వ్రాసియుంచిన మెంగో పత్రములలోకూడ అట్టి దవడ కణితుల జాడలు దొరకుటచే ఇది క్రొత్తగా వచ్చిపడిన రోగము కాదనియు తెలిసినది. లెక్క వ్రాయుటను గుమాస్తాపనిగా తలచువారు కలరు. కాని ప్రజారోగ్యశాస్త్రమునకు ప్రాణమే ఆ లెక్క. రోగములు ఎచ్చట ఎన్ని కలవో ఎరుగని దేశము ఏ రోగమునకు ముందుగా ధనము వెచ్చింపవలెనో నిర్ణయింపజాలదు.

బర్కిట్ తరువాత వేసిన ప్రశ్న సామాన్యమైనది: ఈ వ్యాధి ఎచ్చట కలదు, ఎచ్చట లేదు? రోగపు ఛాయాచిత్రములు ముద్రించిన కరపత్రములను ఆఫ్రికాయందలి ప్రభుత్వాసుపత్రులకును మిషను ఆసుపత్రులకును పంపి, వచ్చిన ప్రత్యుత్తరములను గోడమీది పటమున సూదులు గ్రుచ్చి గుర్తించెను. అంతటితో తృప్తినొందక 1961లో టెడ్ విలియమ్స్, క్లిఫర్డ్ నెల్సన్ అను ఇరువురు వైద్యమిత్రులతో పాత ఫోర్డు బండినెక్కి, పది వారములపాటు సుమారు 10,000 మైళ్లు ప్రయాణించి, దక్షిణాఫ్రికా వరకు పోయి, దారిలో ఏబదికి మించిన ఆసుపత్రులను దర్శించి, అచ్చటి వైద్యులకు బొమ్మలు చూపి, ఇట్టి బిడ్డలను చూచితిరా యని అడుగుచు పోయిరి. ఈ మహాయాత్రకు అయిన వ్యయము 700 పౌండ్లకు లోబడినదే. వ్యాధి సరిహద్దును కండ్లార చూచుటకు అంత స్వల్పధనముతో జరిగిన అన్వేషణము వైద్యచరిత్రలో అరుదు.

పటము పూర్తియైనప్పుడు భూమధ్యరేఖకు ఉత్తర దక్షిణములయందు ఖండమునకు అడ్డముగా ఒక పట్టీ ఏర్పడి, తూర్పుతీరమున దాని తోక దక్షిణమునకు సాగియుండెను. ఎత్తైన పీఠభూములయందు వ్యాధి లేదు. భూమధ్యరేఖనుండి దూరము పోవుకొలది, వ్యాధి ఆగిపోవు ఎత్తు తగ్గుచు వచ్చెను. ఎంటెబ్బేలోని వైరస్ పరిశోధనాసంస్థలో పనిచేయుచుండిన అలెగ్జాండర్ హాడో ఈ పటమును చూచి, ఎత్తు అనునది పైకి కనబడు కారణమేగాని అసలు హద్దు ఉష్ణోగ్రతయని బోధించెను. శీతకాలమున ఉష్ణము 60 ఫారన్‌హీట్ డిగ్రీలకు దిగని తావులలో, ఏటికి 20 అంగుళములకు మించి వర్షము పడు తావులలో మాత్రమే ఈ కాన్సరు కలదు. వేడిమియు తేమయు కోరునది కణితి కాదు, దోమ! కనుక దోమ మోసుకొనివచ్చు ఏదో వైరస్ దీనికి మూలమై యుండునని బర్కిట్ ఊహించెను. ఈ యూహ సగము సత్యము. ఆ సగమే రెండు మహారహస్యములకు దారితీసినది.

1961 మార్చి 22వ తేదీన లండనులోని మిడిల్సెక్స్ ఆసుపత్రియందు బర్కిట్ ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించినప్పుడు, శ్రోతలలో ఆంథొనీ ఎప్‌స్టైన్ అను యువశాస్త్రజ్ఞుడుండెను. కోళ్లకు వచ్చు వైరస్ కాన్సరును పరిశోధించుచున్న ఆయనకు ఈ వర్ణన మెరుపువలె తోచగా, చేయుచున్న పనులను ప్రక్కకు నెట్టి, కంపాలానుండి కణితి ముక్కలను విమానములపై తెప్పించుకొనుట మొదలిడెను. రెండేండ్లకు పైగా ఫలితము లేదు. 1963 డిసెంబరులో ఒకనాడు లండనుపై కమ్మిన మంచువలన విమానము మాంచెస్టరునకు మరలింపబడి, కణితి ఆలస్యముగా చేరునప్పటికి అది మునిగియున్న ద్రవము మసకబారి యుండెను. కుళ్లినదని పారవేయుటకు బదులు ఆయన ఒక బొట్టును సూక్ష్మదర్శినిలో చూడగా, ప్రయాణపు కుదుపులకు ముక్కనుండి విడివడిన కణములు సజీవములై తేలుచుండెను. తేలు కణములుగనే వానిని పెంచిరి. అవి వృద్ధినొందినవి. 1964లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వానియందు అదివరకెరుగని హెర్పిస్ జాతి వైరస్ సాక్షాత్కరించెను. ట్రినిడాడ్‌లో జన్మించిన బర్ట్ అచోంగ్, ఐర్లండు యువతి ఇవాన్ బార్ ఆ ఆవిష్కరణమున భాగస్వాములు. ఎప్‌స్టైన్-బార్ వైరస్ అని లోకమున ప్రసిద్ధమైనది ఇదియే.

అయినను చిక్కు తీరలేదు, మరింత బిగిసినది. ఏలయన, ఈ వైరస్ ఆఫ్రికాకు పరిమితము కాదు. ప్రపంచమునందలి పెద్దలలో నూటికి తొంబదిమందికి మించి దానిని తమ శరీరమున మోయుచున్నారు. అది దోమచే వ్యాపించునది కాదు, లాలాజలముచే వ్యాపించునది. అందరియందును ఉన్న వైరస్ ఒక్క పట్టీలోని బిడ్డలకే కణితియగుటకు హేతువేమి? దీనిని తేల్చుటకు ఉగాండా వాయవ్యమునందలి వెస్ట్‌నైల్ ప్రాంతమున 42,000 మంది బిడ్డల రక్తమును ముందుగా సేకరించి భద్రపరచి, ఏండ్లతరబడి వేచియుండిరి. తరువాత కణితి వచ్చినవారి పూర్వరక్తమును పరీక్షింపగా, ఈ వైరస్‌నకు ప్రతిరక్షకములు అత్యధికముగా నున్న బిడ్డలకు వ్యాధిభయము ఇంచుమించు ముప్పదిరెట్లని 1978లో ప్రకటితమైనది. దోమ చేయు పని వేరు: అది మలేరియాను మోయును. దోమకడుపున మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదునందే కనుగొన్నాడన్న సంగతి తెలుగువారెరిగినదే. బర్కిట్ పటమునందలి పట్టీ, ఏడాది పొడుగున మలేరియా విడువక వేధించు పట్టీ ఒక్కటే.

మలేరియా, వైరస్ కలిసి ఏమి చేయునో తదుపరి దశాబ్దములు వివరించినవి. రక్తమునందలి బి-కణములు ప్రతిరక్షకములను తయారుచేయు సైనికులు. శత్రువునకు తగిన ఆయుధమును మలచుటకై ఈ కణము తన జన్యుసూత్రమును తానే త్రెంచి, మార్చి, అతుకుకొనును. దేహమునందలి కణములలో ఇంతటి సాహసము కలవి అరుదు. మలేరియా మాటిమాటికి వచ్చు బిడ్డలో ఈ కణములు విరామములేక విభజన చెందుచు, లెక్కకు మించిన పర్యాయములు ఈ త్రెంపు అతుకులను సాగించవలసి వచ్చును. తాళపత్ర గ్రంథమునకు నాలుగు ప్రతులు వ్రాయు లేఖకుని చేతిలో తప్పు దొరలుట అరుదు. వాని చేతనే నాలుగువేల ప్రతులు అహోరాత్రములు వ్రాయించినచో ఎచ్చటనో ఒక అక్షరము తారుమారు కాక తప్పదు. అట్లే ఒకానొక కణమున ఎనిమిదవ క్రోమోజోమునందలి ఖండమొకటి విరిగి, సాధారణముగా పదునాలుగవ క్రోమోజోమున ప్రతిరక్షకపు జన్యువు ప్రక్కన చేరి అతుకుకొనును. ఆ ఖండమున మిక్ అను జన్యువు కలదు. విభజింపుమని కణమును ప్రేరేపించుట దాని ధర్మము. నిరంతరము మేల్కొనియుండు ప్రతిరక్షక జన్యువు పొరుగున చేరగా దానికిని నిద్రలేదు. ఇట్లు చెడిన కణము సహజముగా ఆత్మనాశము చేసికొనవలసియుండగా, లోపల దాగిన వైరస్ దానిని బ్రతికించి యుంచునని విజ్ఞుల అభిప్రాయము. కణితి ఒకటి రెండు దినములలోనే రెట్టింపగును. మానవునకు వచ్చు కాన్సర్లలో దీనికంటె వడిగా పెరుగునది లేదనవచ్చును.

అంత వడిగా విభజింపబడు కణము, విభజనను అడ్డగించు ఔషధమునకు అంత వడిగానే లొంగునుగదా! ఆనాటి ఉగాండాలో కిరణచికిత్సా యంత్రము లేదు. వ్యాపించిన కణితులను కత్తితో తీసివేయుట అసాధ్యము. గత్యంతరము లేకనే బర్కిట్, 1960 ప్రాంతమున అమెరికానుండి వచ్చిన జోసెఫ్ బర్చెనాల్ ప్రోత్సాహముతో, మెథోట్రెక్సేట్ అను మందును ప్రయోగించెను. ముఖము గుర్తుపట్టరాకుండ వాచిన బిడ్డలు కొలదిదినములలో పూర్వరూపమును పొందిరి. కొందరు ఒకటి రెండు మోతాదులతోనే శాశ్వతముగా స్వస్థులైరి. ఈ మందు పుట్టుకలో తెలుగువాని మేధ కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లమును సంయోగించి, దానిని పోలియుండి దానికే ఎదురుతిరుగు సమ్మేళనములను తన బృందముచే రూపొందింపజేసెను. మెథోట్రెక్సేట్ వానిలో ఒకటి. 1948లో ఆయన కాలధర్మము చెందెను. తన మందు ములాగో బిడ్డల ప్రాణములు నిలుపుటను చూచు భాగ్యము ఆయనకు లభింపలేదు. కాన్సరును ఔషధమొక్కదానితోనే కుదర్చవచ్చునని లోకము అరుదుగా నమ్మిన ఆ దినములలో, ఆ నమ్మకమునకు బలము చేకూర్చిన దేశములలో ఉగాండా ఒకటి.

1967లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ సహకారముతో ములాగోలో లింఫోమా చికిత్సాకేంద్రము వెలసి, అదియే పెరిగి ఉగాండా కాన్సరు ఇన్‌స్టిట్యూటైనది. జాన్ జీగ్లర్ దానికి తొలి నాయకుడు. 1971లో ఇదీ అమీన్ అధికారమును చేజిక్కించుకొని, మరుసటి యేట ఆసియావాసులను దేశమునుండి వెడలగొట్టినప్పుడు, విదేశీయులగు వైద్యులును నిష్క్రమించిరి. చార్లెస్ ఒల్వేని మొదలగు ఉగాండా వైద్యులు మందులు కరవైనను, ప్రాణభయము వెన్నాడుచున్నను ఆ వార్డులను మూయక, పరిశోధనలను కొనసాగించిరి. 1972లో ఔషధచికిత్సకు ఇచ్చిన లాస్కర్ బహుమానమున బర్కిట్, జీగ్లరులకు భాగము లభించినది. కాని బహుమానములు పుచ్చుకొనువారి కంటె, దీపములు ఆరిన కాలమున వార్డును కనిపెట్టుకొని యుండినవారికి ఈ శాస్త్రము ఎక్కువ ఋణపడియున్నదని నా విశ్వాసము.

యుద్ధములతో శిథిలమైన ఆ దేశముపై 1980 దశకమున మరియొక విపత్తు విరుచుకొనిపడినది. దక్షిణమునందలి రకాయి ప్రాంతమున మనుష్యులు విరేచనములతో, జ్వరముతో ఎముకలగూడై మరణించుచుండుటను ఉగాండా వైద్యులు పరిశీలించి 1985లో లోకమునకు తెలిపిరి. అది ఎయిడ్సేయని తేలినది. గర్భవతియగు తల్లినుండి బిడ్డకు రోగము సోకకుండ చేయుటకు ధనికదేశములలో నెలలతరబడి ఇచ్చు ఖరీదైన మందులు ములాగో ప్రసూతివార్డునకు అందని ద్రాక్షలు. అచ్చటి పరిశోధకులు నెవిరపీన్ మాత్ర ఒక్కటి నొప్పులు మొదలైన తల్లికిని, పుట్టిన మూడు దినములలోపల మందుచుక్కలు బిడ్డకును ఇచ్చి చూచిరి. అప్పటి వాడుకమందుతో పోల్చగా, మూడు నాలుగు నెలల వయసునాటికి రోగము సోకిన బిడ్డల సంఖ్య నూటికి 25.1నుండి 13.1కి దిగెనని 1999లో వెల్లడియయ్యెను. ఒక్క మాత్రతో వైరస్ మందునకు లొంగకుండ మారుననెడి దోషము తరువాత బయటపడుటచే, నేడు తల్లికి జీవితాంతము మూడుమందుల చికిత్స ఇచ్చుచున్నారు. అయినను, పేదదేశమున ఈ పని సాధ్యముకాదనెడి నిరాశను తొలగించినది ఆ మాత్రయే.

వేరొక పరిశోధన మరింత గంభీరమైనది. తీవ్రజ్వరముతో రక్తప్రసరణ మందగించి కాళ్లుచేతులు చల్లబడిన బిడ్డకు తక్షణమే ఎక్కువ మోతాదున సెలైను ఎక్కించవలెనని ధనికదేశముల గ్రంథములు ఘోషించుచుండెను. అది ఆఫ్రికా బిడ్డలకు మేలో కీడో ఎవరును పరీక్షించి యుండలేదు. కాథరీన్ మెయిట్లండ్, ములాగోకు చెందిన సారా కిగులి ప్రభృతుల నాయకత్వమున ఉగాండా, కెన్యా, టాంజానియాలలోని ఆరు ఆసుపత్రులలో 3,141 మంది బిడ్డలపై ఈ పరీక్ష జరిగినది. వానిలో ములాగో ఒకటి. ఎక్కువ ద్రవమును వడిగా ఎక్కించిన రెండు వర్గములలో 48 గంటలలోపల మరణించినవారు నూటికి 10.6, 10.5, అట్లెక్కింపక మెల్లగా ద్రవమిచ్చిన వర్గమున 7.3 మాత్రమే. వడిగా ఎక్కించుటయే ప్రాణహానియని తెలియగానే 2011 ఆరంభమున పరీక్షను ఆపివేసిరి. కృత్రిమశ్వాస యంత్రములు, క్షణక్షణము కనిపెట్టు నర్సులు ఉన్నచోట వ్రాసిన సూత్రము, రక్తహీనతయు మలేరియాయు నిండియున్న చోట వర్తింపదని ఆ లెక్కలు చాటినవి. రోగమున్నచోటనే ప్రశ్నను పరీక్షింపవలెననుటకు ఇంతకంటె తిరుగులేని దృష్టాంతము నాకు కనబడదు.

ఇక ఫలము సంగతి. బర్కిట్ లింఫోమా వచ్చిన బిడ్డలలో నేడు ఐరోపా, అమెరికాలలో నూటికి తొంబదిమంది స్వస్థులగుచున్నారు. ఆ వ్యాధిని లోకమునకు చూపిన తూర్పు ఆఫ్రికాలోనో, సగముమందిని నిలుపుకొనుటయే కష్టముగా నున్నది. దీనికి హేతువులు రహస్యములు కావు. వాపును చూచి మొదట పంటినొప్పియని, మలేరియాయని తిప్పుకొనుటలో వారములు గడచును. ఒకటి రెండు దినములలో రెట్టింపగు కణితి వారమునకు ఎంత పెరుగునో ఊహింపుడు. కణితిముక్కను చదువగల నిపుణులు దేశమున వేళ్లమీద లెక్కింపదగినవారు. బలమైన మోతాదులిచ్చినచో రక్తకణములు క్షీణించును; అప్పుడు సోకు వ్యాధులనుండి కాపాడుటకు రక్తనిధి, మంచి ప్రతిజీవకములు, ప్రత్యేకపు పడకలు కావలెను; అవి లేనిచోట వైద్యుడు మోతాదు తగ్గింపక తప్పదు. ముఖము వాపు తీయగానే, ఇంటివద్ద విడిచివచ్చిన తక్కిన బిడ్డలను, కోతకు వచ్చిన చేనును తలచుకొని, దారిఖర్చులేని తల్లి చికిత్స ముగియకుండనే ఊరు చేరును. 2016లో దేశమునకంతటికి ఒక్కటిగా నుండిన కిరణచికిత్సా యంత్రము మరమ్మతునకందకుండ చెడిపోగా, క్రొత్తది పనిలోనికి వచ్చుటకు ఏడాదిన్నరకు పైగా పట్టినది. ఆ మధ్యకాలమున రోగులను పొరుగుదేశములకు పంపవలసివచ్చెను.

ఈ కొరతలలో ఏ యొక్కటియు శాస్త్రజ్ఞానపు కొరత కాదని గమనింపవలెను. ఏమి చేయవలెనో అరువది యేండ్లుగా తెలియును. తెలిసినదానిని బిడ్డవద్దకు చేర్చు ఏర్పాటు లేకపోవుటయే లోపము. వాపును చూచిన గ్రామ ఆరోగ్యకార్యకర్త అదేదినమున పంపగల వాహనము, వారములోపల కణితిముక్కను చదివి చెప్పు జిల్లా ప్రయోగశాల, నడుమ తెగిపోని మందుల నిలువ, తల్లికి దారిఖర్చును బసయును - ఇవి ప్రజారోగ్యమునకు నాలుగు స్తంభములు. వీనికన్నిటికి మూలమున మలేరియా నివారణము కలదు. దోమతెరలును, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఒకటి, 2023లో మరియొకటిగా ఆమోదించిన మలేరియా టీకాలును జ్వరమరణములను తగ్గించుటయేగాక, ఈ కాన్సరు మొలకెత్తు నేలనే కరవుపరచగలవని ఆశింపవచ్చును. ఆ మొదటి టీకా తయారీబాధ్యతను మన హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ స్వీకరించుట మనకు సంతోషమును, బాధ్యతను కలిగింపదగిన విషయము.

ములాగో తల్లులు తమ బిడ్డల రక్తమును, కణితులను, వ్యాధిచరిత్రలను శాస్త్రమునకు సమర్పించిరి. ఆ సమర్పణమువలన క్వాషియోర్కర్ మొదలు సెలైను మోతాదు వరకు ఎన్ని సత్యములు బయటపడినవో చూచితిమి. ఆ సత్యముల ప్రయోజనమును ఆస్ట్రేలియాలోని బిడ్డయు, అమెరికాలోని బిడ్డయు పొందుచుండగా, వానిని కన్నతల్లివంటి దేశమునకు అవి చేరకుండుట న్యాయము కాదు. అచ్చటి పరిశోధనకు ధనమిచ్చు సంస్థలు ప్రశ్నను నిర్ణయించు అధికారమును అచ్చటి వైద్యులకే విడువవలెను. పరీక్ష ముగిసిన పిమ్మట మేలని తేలిన మందు ఆ వార్డుననే నిలిచియుండునట్లు ముందుగానే కట్టడి చేసికొనవలెను. దేశప్రభుత్వము రోగనమోదు పట్టికలకును ప్రయోగశాలలకును ఏటేట ద్రవ్యము కేటాయింపవలెను. ఈ మూడును ఎవరి దయకొరకును వేచియుండవలసిన పనులు కావు. తీసికొన్న అప్పును తీర్చుట వంటివి. కంపాలాలోనో జింజాలోనో వాపుముఖముతో ఆసుపత్రి మెట్లెక్కిన బిడ్డకు, లండనులో పుట్టిన బిడ్డకు ఉన్నంత బ్రతుకుటకైన అవకాశము ఏర్పడిన నాడే ములాగో పరిశోధన పూర్తియైనదని చెప్పుటకు మనకు అర్హత కలుగును.